పడటం ఎక్కడ నేర్చుకుంటే మంచిది: జూడో, ఐకిడో, కుస్తీ, జిమ్నాస్టిక్స్, వూషూ

మా మేనల్లుడికి 12 ఏళ్ళు. ఫోన్‌లో చైనా యుద్ధవిద్య వూషూ వీడియోలు చూశాడు. గాల్లో అడ్డంగా తిరిగి దబ్బున వెల్లకిలా పడి, స్ప్రింగులా ఎగిరి నిలబడే ఆ విద్య నేర్చుకుంటానని ఎండాకాలం సెలవుల్లో పట్టుబట్టాడు. మా అక్క ససేమిరా అంది. "నీ చెయ్యి ఎలా విరిగిందో నువ్వే చెప్పరా వాడికి" అని నన్ను పిలిచింది. చెప్పాను. వద్దని మాత్రం చెప్పలేదు. పడటం నేర్చుకోదగ్గ విద్యే, కాకపోతే సరైన చోట నేర్చుకోవాలి. ఆ తర్వాత రెండు నెలల పాటు వీలైన సాయంత్రమల్లా విజయవాడలో కొన్ని క్లాసులు, గుంటూరులో కొన్ని క్లాసులు కూర్చుని చూశాను. మీ ఇంట్లో అలాంటి పిల్లాడో పిల్లో ఉన్నా, మీకే ఆ కోరిక ఉన్నా పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు నా చెయ్యి సంగతి. అప్పుడు నాకు 19 ఏళ్ళు. ఒక స్కూలు వరండాలో సాయంత్రం క్లాసు. కింద గచ్చు, దాని మీద పల్చటి షీట్లు. చేరి ఐదు వారాలైంది. వార్షికోత్సవంలో ప్రదర్శన ఉందని ఐదుగురిని వరసగా వంగోబెట్టి, వాళ్ళ మీంచి దూకి అవతల పల్టీ కొట్టమన్నారు. నాలుగుసార్లు బాగానే దూకాను. ఐదోసారి పరుగు తగ్గింది, ఎత్తు చాల్లేదు. గాల్లో ఉండగానే ఆ సంగతి తెలిసిపోయింది. భయంతో కుడి చెయ్యి చాచి నేల మీద ఆన్చాను. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఇప్పటికీ వానాకాలంలో ఆ చేత్తో బిందె ఎత్తితే లాగుతుంది. నేర్పినాయన మంచివాడే, పిల్లలంటే ప్రేమ ఉన్నవాడే. కానీ నాకు దూకడం నేర్పే ముందు పడటం నేర్పలేదు.

అందుకే ఇప్పుడు ఏ క్లాసుకి వెళ్ళినా కళ పేరు తర్వాత చూస్తాను. కాళ్ళ కింద ఏముంది, పడటం ఏ వరసలో నేర్పుతున్నారు అన్నవి ముందు చూస్తాను. ఈ రెండూ బాగుంటే చిన్న క్లాసైనా చాలు. ఇవి లేకపోతే గోడ నిండా కప్పులున్నా నేను మా పిల్లాణ్ణి పంపను.

అసలు ఏం నేర్చుకోవాలి

మనిషి పడేటప్పుడు సహజంగా రెండు పనులు చేస్తాడు. చెయ్యి చాచి ఆన్చుకుంటాడు, ఊపిరి బిగబడతాడు. చాచిన చేతి మీద ఒంటి బరువంతా పడితే మణికట్టు విరుగుతుంది, లేదా ఆ దెబ్బ పైకి పాకి మోచేతికో, భుజానికో, కాలర్ బోన్‌కో తగులుతుంది. వెల్లకిలా పడితే మెడ వెనక్కి వాలి తల నేలకి కొట్టుకుంటుంది. పడటం నేర్చుకోవడమంటే ఈ అలవాట్లని మాన్పించి వాటి చోట కొత్త అలవాట్లు పెట్టడం. అది బుర్రకి తెలిస్తే చాలదు, ఒంటికి తెలియాలి. వందలసార్లు చేస్తే తప్ప రాదు.

జపాన్ వాళ్ళు ఈ విద్యని ఉకెమి అంటారు. జూడోలో ఇవి ముఖ్యంగా నాలుగు: వెల్లకిలా పడటం, పక్కకి పడటం, బోర్లా పడటం, ముందుకి దొర్లడం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. వూషూలో ఉన్న ఎగిరి పడే విద్యలన్నీ చివరికి ఈ నాలుగింట్లో ఏదో ఒకదాని మీదే దిగుతాయి.

గుంటూరులో ఒక జూడో క్లాసులో మొదటిరోజు పిల్లలకి నేర్పుతుంటే దగ్గరగా చూశాను. మాస్టారు పిల్లాణ్ణి చాప మీద గొంతుక్కూర్చోమన్నారు. జేబులోంచి చేతిరుమాలు తీసి, మడతపెట్టి, వాడి గడ్డానికీ ఛాతీకీ మధ్య పెట్టారు. "ఇది కింద పడకూడదు. నీ కళ్ళు బెల్టు ముడిని చూస్తుండాలి" అన్నారు. తర్వాత నడుము గుండ్రంగా ఉంచి మెల్లగా వెనక్కి దొర్లమన్నారు. వీపు నేలకి తగిలే క్షణంలోనే రెండు చేతులూ, అరచేతి నుంచి మోచేతి దాకా, ఒకేసారి చాప మీద చరవాలి. చేతులు ఒంటికి మరీ దగ్గరగా ఉండకూడదు, భుజాల ఎత్తుకీ పోకూడదు, ఆ రెంటికీ సగంలో ఉండాలి. భుజాల ఎత్తున చాపి కొడితే భుజం కీలు దెబ్బతింటుంది. చరిచేటప్పుడు ఊపిరి బయటికి వదిలెయ్యాలి.

మొదటి మూడుసార్లు రుమాలు జారి పడింది. నాలుగోసారి నిలిచింది, కానీ చేతులు ఆలస్యమయ్యాయి. చాప మీద ముందు "ధబ్" అని వీపు చప్పుడు, తర్వాత "టప్" అని చేతుల చప్పుడు వినిపించాయి. మాస్టారు ఏమీ అనలేదు. పక్కనున్న సీనియర్ అమ్మాయిని పడమన్నారు. ఆ అమ్మాయి పడితే ఒకే చప్పుడు. "విన్నావా?" అన్నారంతే. గంటలో ఆ పిల్లాడు 60సార్లయినా పడి ఉంటాడు, అన్నీ గొంతుక్కూర్చునే. నిలబడి పడే వంతు రెండో వారంలో గానీ రాలేదట. నాకు ఆ క్లాసు మీద గురి కుదిరింది అప్పుడే.

ముందుకి దొర్లడం గురించి కూడా ఒక మాట. చిన్నప్పుడు మనం కొట్టిన పిల్లిమొగ్గ వేరు, ఇది వేరు. పిల్లిమొగ్గలో తల ఆనుతుంది, వెన్నెముక మీదుగా నిలువుగా దొర్లుతాం. ఇక్కడ తల నేలకి తగలనే కూడదు. చిటికెన వేలి వైపు అంచు, ముంజేయి, భుజం వెనక భాగం, అక్కడి నుంచి వీపు మీదుగా ఐమూలగా అవతలి తుంటికి దొర్లాలి. కుడి చేత్తో మొదలెడితే ఎడమ తుంటి మీద ముగుస్తుంది. వెన్నుపూసలన్నీ వరసగా నేలకి కొట్టుకోకుండా ఈ ఐమూల దారే కాపాడుతుంది. రోడ్డు మీద బైకు మీంచి పడ్డా పనికొచ్చేది ఇదే.

జూడో

నా మొదటి ఓటు దీనికే. 1882లో జిగోరో కానో ఈ కళని తయారుచేసినప్పుడే, పాత యుద్ధవిద్యల్లో దెబ్బలు తగిలించే వాటిని పక్కన పెట్టి, భాగస్వామిని పూర్తి బలంతో విసిరినా అతను లేచి నిలబడేలా ఏర్పాటు చేశాడు. అది కుదరాలంటే అవతలివాడికి పడటం వచ్చి తీరాలి. అందుకే జూడోలో పడటం పాఠాల్లో ఒక భాగంలా ఉండదు, పునాదిలా ఉంటుంది. పోటీ నియమాల్లో కూడా ఆ జాగ్రత్త కనిపిస్తుంది. తల ముందుకి పెట్టి దూకి విసిరితే ఆ ఆటగాణ్ణి బయటికి పంపేస్తారు. వీపు ఆనకుండా తప్పించుకోవాలని తల, మడమల మీద విల్లులా వంగి దిగితే, అది ఓటమి కిందే లెక్క. మెడలు విరగకుండా ఉండటానికే ఈ నియమాలు.

కానీ జూడో అనగానే క్షేమం అనుకోకండి. ఆ కళ పుట్టిన జపాన్‌లోనే 1983 నుంచి 2011 దాకా స్కూళ్ళలో జూడో చేస్తూ వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఎక్కువ మరణాలకి కారణం తలకి తగిలిన దెబ్బే. వాళ్ళలో అప్పుడప్పుడే చేరినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎదుటివాడి కాలిని వెనక నుంచి మన కాలితో ఊడ్చి వెల్లకిలా పడేసే ఒసోతో గారి అనే విసురులో ఎక్కువగా జరిగాయి. తల నేలకి కొట్టుకోకపోయినా, మెడ విసురుగా ఊగితే లోపల మెదడు చుట్టూ ఉన్న రక్తనాళాలు తెగొచ్చు. ఈ సంగతి చదివాక నేను ఏ జూడో మాస్టారినైనా ఒకటే ప్రశ్న అడుగుతున్నాను: "కొత్తవాళ్ళని వెల్లకిలా విసరడం ఎన్ని నెలల తర్వాత మొదలుపెడతారు?" సూటిగా జవాబు చెప్పినవాళ్ళు మంచివాళ్ళు. "అదేముందండీ, మొదటి వారంలోనే అలవాటు చేసేస్తాం" అంటే లేచి వచ్చేయడమే.

ఐకిడో

జపాన్‌లో మొరిహెయి ఉయెషిబా తీర్చిన కళ. ఇక్కడ పడటం మెత్తగా ఉంటుంది. జూడోలో పడి, చరిచి, ఆగుతారు. ఐకిడోలో పడి, దొర్లి, లేచి నిలబడతారు. పోటీలు లేని బళ్ళే ఎక్కువ కాబట్టి తొందర ఉండదు, బరువుతో ఎత్తి పడేయడం తక్కువ. 40 దాటినవాళ్ళకీ, ఎప్పుడూ ఆటలు ఆడనివాళ్ళకీ దీన్ని మించింది లేదని నా నమ్మకం. సీనియర్లు చేసే ఎగిరి పడే ఉకెమి చూడ్డానికి వూషూ అంత అందంగానూ ఉంటుంది. చెయ్యి పట్టుకున్న భాగస్వామి ఉంటాడు కాబట్టి, గాల్లో తిరిగి దిగేటప్పుడు ఆ పట్టే ఒక ఆధారం.

చిక్కేమిటంటే మన రెండు ఊళ్ళలో నేర్పేవాళ్ళు దొరకడం కష్టం. దొరికితే వదలకండి.

కుస్తీ

గోదాలో దిగితే పడటం గురించి ఎవరూ ప్రత్యేకంగా పాఠం చెప్పరు. రోజూ తవ్వి గుల్లచేసిన మట్టిలో రోజూ పడి, ఒళ్ళే నేర్చుకుంటుంది. ఆ మట్టి మహత్తు వేరు. వస్తాదు దగ్గర పదేళ్ళు గడిపినవాణ్ణి ఎలా తోసినా పిల్లిలా దిగుతాడు. మెడ, నడుము, పట్టు బలం ఇక్కడ వచ్చినంతగా ఇంకెక్కడా రావు. కానీ చరవడం, గడ్డం దాచుకోవడం లాంటివి విడిగా నేర్పరు కాబట్టి, మట్టికి అలవాటుపడ్డవాడు గట్టి నేల మీద పడితే ఇబ్బందే. పల్టీలు, ఎగరడాలు కావాలనుకునే పిల్లలకి నేరుగా ఇది కాదు. ఇప్పుడు కుస్తీ కూడా ఎక్కువగా మ్యాట్ మీదకి వచ్చేసింది.

జిమ్నాస్టిక్స్

మీ పిల్లలకి అసలు కావలసింది గాల్లో తిరగడమే అయితే, దానికి తల్లి ఇదే. యుద్ధవిద్య కాదని చాలామంది లెక్కలోకి తీసుకోరు. నేనూ మొదట తీసుకోలేదు. ఒకరోజు గంటసేపు చూశాక నా అభిప్రాయం మారింది. ఒక్క వెనక పల్టీ నేర్పడానికి కోచ్ ఎన్ని మెట్లు కట్టిందో లెక్కపెట్టాను. గోడకి ఆని చేతుల మీద నిలబడటం, వాలుగా పెట్టిన మందపాటి పరుపు మీద వెనక్కి దొర్లడం, పక్కన ఇద్దరు నడుం కింద చెయ్యి వేసి తిప్పడం, తర్వాత ఒక్కరే చెయ్యి వేయడం. ప్రతి మెట్టు దగ్గరా కొన్ని వారాలు. ఏ మెట్టులో భయపడితే ఆ పిల్లని ఒక మెట్టు కిందికి దించింది, తిట్టలేదు.

గాల్లో ఉన్నప్పుడు నేల ఎటు ఉందో, తల ఎటు ఉందో తెలియడం ఒక జ్ఞానం. అది ఇక్కడ వస్తుంది. రాని సంగతేమిటంటే, ఇంకొకరు మనల్ని తోస్తేనో, విసిరితేనో ఎలా పడాలన్నది. జిమ్నాస్ట్ ఎప్పుడూ రెండు కాళ్ళ మీద దిగాలని చూస్తుంది. అది పడటానికి సరిగ్గా ఎదురు అలవాటు.

వూషూ

మేనల్లుడి మనసు దోచుకుంది ఇదే. చైనా కుంగ్‌ఫూలో దితాంగ్ అని ఒక పద్ధతి ఉంది. అందులో పడటం ఓడిపోవడం కాదు, పడటమే దాడి. నేల మీద పడుతూ కాళ్ళతో అవతలివాడి కాళ్ళని కత్తిరించేస్తారు. ఎగిరి పక్కకి తిరిగి ఒళ్ళంతా ఒకేసారి నేలకి ఆనేలా పడతారు, అక్కడి నుంచి కాళ్ళు ఝాడించి లేస్తారు. చూస్తే కళ్ళు తిప్పుకోలేం. నాకూ ఇష్టమే.

కానీ ఇది చివరి మెట్టు. పోటీలో తివాచీ మరీ మెత్తగా ఉండదు, ఎగరాలంటే గట్టిగానే ఉండాలి. నడుం ఎత్తు నుంచి అలా పడటం కండలు, కీళ్ళు తయారయ్యాక చేసే పని. మంచి వూషూ మాస్టారు మొదటి ఏడాదంతా కాళ్ళు సాగదీయడం, నిలకడలు, తన్నులు, దొర్లడాలతోనే గడిపిస్తారు. మొదటి నెలలోనే పిల్లల చేత ఎగిరి పడే విద్యలు చేయించి వీడియో తీసే చోటికి పంపకండి. వాళ్ళు నేర్పేది వీడియో కోసం.

కరాటే, టైక్వాండో, ఎంఎంఏ

మన వీధుల్లో ఎక్కువ ఉన్నవి కరాటే, టైక్వాండో క్లాసులే. తన్నడం, కొట్టడం బాగా నేర్పుతారు. పడటం నేర్పడమన్నది పూర్తిగా మాస్టారి మీద ఆధారపడి ఉంటుంది. ఆయన స్వయంగా జూడో చేసినవాడైతే అదృష్టం. కొట్టడం, కుస్తీ పట్టడం అన్నీ కలిపి నేర్పే ఎంఎంఏ జిమ్‌లలో చాపలు బాగుంటాయి, కానీ అక్కడ నేర్పే జిజుట్సు (నేల మీద పెనుగులాడే విద్య) పాఠాలు ఎక్కువగా కూర్చునే మొదలవుతాయి కాబట్టి ఎత్తు నుంచి పడే సాధన తక్కువ. ఇప్పటికే వీటిలో ఏదో ఒకటి చేస్తుంటే మానేయమని నేననను. వారానికి రెండు రోజులు జూడో కలుపుకోండి.

నేల సంగతి

ఇక్కడ కాస్త ఆగి చదవండి, నా చెయ్యి విరిగింది ఈ విషయం తెలియకే.

పజిల్ ముక్కల్లా అతుక్కునే ఫోమ్ చాపలు మన క్లాసుల్లో ఎక్కువ. 20 మి.మీ. మందం ఉన్నవి నిలబడి తన్నుకునే సాధనకి సరిపోతాయి. విసిరే సాధనకి 40 మి.మీ. అయినా ఉండాలి, గట్టి రకం కావాలి. ఎగిరి పడటం మొదటిసారి నేర్చుకునేటప్పుడు అడుగు మందం ఉన్న క్రాష్ మ్యాట్ కావాలి. అలాగని రోజూ దాని మీదే పడితే తప్పులు బయటపడవు, ఎలా పడ్డా నొప్పి ఉండదు కదా. మొదట మందం, తర్వాత పల్చన. ఆ వరస తిరగబడకూడదు.

క్లాసుకి వెళ్ళినప్పుడు చాప మీద మోకాళ్ళ మీద కూర్చోండి. ఒక మోకాలిని బెత్తెడు ఎత్తు లేపి వదలండి. కింద గచ్చు తెలిస్తే ఆ చాప మీద పిల్లాణ్ణి విసరనివ్వొద్దు. తర్వాత అతుకుల మీద వేలు పెట్టి నడపండి. రెండు ముక్కల మధ్య వేలు దూరేంత సందు ఉంటే, సాధనలో కాలి బొటనవేలు అందులో ఇరుక్కుంటుంది. నేను చూసిన ఒక చోట చాపలు కొత్తవే, కానీ చుట్టూ రెండడుగుల దూరంలో సిమెంటు స్తంభాలు. ఇంకో చోట అపార్ట్‌మెంటు సెల్లార్లో క్లాసు, చాపల అంచున బైకులు. దొర్లడం నేర్చుకునేవాడు మొదట్లో తిన్నగా దొర్లడు, ఎటో పోతాడు. చుట్టూ కనీసం ఒక నిలువు మనిషి పొడవు ఖాళీ ఉండాలి.

కృష్ణ ఇసుకలో నేర్చుకుందామని కుర్రాళ్ళకి ఉంటుంది. బ్యారేజీ దిగువన ఇసుక తేలినప్పుడు అక్కడ పల్టీలు కొట్టేవాళ్ళని నేనూ చూశాను. పొడి ఇసుకలో పాదం కూరుకుపోయి చీలమండ తిరుగుతుంది. నీటి ఒడ్డున తడి ఇసుక మెత్తగా కనిపిస్తుంది, పడితే గచ్చుతో సమానం. పైగా గాజు పెంకులు కనపడవు. పరుగులకి, కండబలానికి ఇసుక మంచిది. పడటానికి వద్దు.

ఇంట్లో పరుపు నేల మీద వేసుకుని వీడియో చూస్తూ నేర్చుకోవడం అంతకంటే ప్రమాదం. టైల్స్ మీద పరుపు జారుతుంది. దూదిలో తల కూరుకుపోతుంది కాబట్టి గడ్డం లేచిన సంగతి మీకు తెలియనే తెలియదు. ఆ తప్పు అలవాటైపోయి, గట్టి చాప మీదకి వెళ్ళిన రోజు తల తగులుతుంది. ఇంట్లో చేసుకోదగ్గవి రెండు: గొంతుక్కూర్చుని వెనక్కి దొర్లడం, మెడ కండరాలకి కసరత్తు. అవైనా క్లాసులో నేర్చుకున్నాకే.

మన ఎండల్ని కూడా లెక్కలో వేసుకోండి. మే నెలలో రేకుల షెడ్డు కింద సాయంత్రం 5 గంటలకి కూడా చాప కాలుతూ ఉంటుంది. చెమటతో ఫోమ్ నూనె రాసినట్టు జారుతుంది. అలసిన పిల్లాడి గడ్డం ముందుగా లేస్తుంది. తెల్లవారుజామున 6 లోపు క్లాసు ఉంటే అదే మేలు. ప్రతి పావుగంటకీ చాప తుడిపించే మాస్టారిని చూస్తే నాకు గౌరవం పెరుగుతుంది.

వెళ్ళి చూసేటప్పుడు

ఎక్కడ మొదలెట్టాలంటే, విజయవాడలో ఇందిరాగాంధీ స్టేడియం, దండమూడి రాజగోపాలరావు ఇండోర్ స్టేడియం, గుంటూరులో బ్రహ్మానందరెడ్డి స్టేడియం, ఎన్టీఆర్ స్టేడియం వైపు ఒక సాయంత్రం వెళ్ళి, ఏ కళ ఎవరు ఎక్కడ నేర్పుతున్నారో అక్కడ ఆడేవాళ్ళనే అడగండి. తాడేపల్లి, మంగళగిరి వాళ్ళకి రెండు ఊళ్ళూ అందుబాటే.

ఫీజు కట్టే ముందు ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడండి. కూర్చోనివ్వకపోతే ఇంక ఆలోచించక్కర్లేదు. కొత్తవాళ్ళని ఎవరితో జోడీ కడుతున్నారో గమనించండి. 35 కిలోల పిల్లాణ్ణి 60 కిలోలవాడు విసురుతుంటే అది నేర్పడం కాదు. ఎవరైనా తల పట్టుకుని కూర్చుంటే మాస్టారు ఏం చేస్తున్నారో చూడండి. నేను చూసిన ఒక క్లాసులో ఒక పిల్లవాడు పడి, కళ్ళు చిట్లిస్తూ లేచాడు. మాస్టారు సాధన ఆపించి, వాణ్ణి పక్కన కూర్చోబెట్టి, వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి, ఆయన వచ్చేదాకా వాణ్ణి చాప మీదకి రానివ్వలేదు. వాడు ఏడ్చి గొడవ చేశాడు, అయినా రానివ్వలేదు. ఇంకో చోట అలాంటి సందర్భంలోనే "ఏం కాలేదు, లే, మగపిల్లాడివి" అన్నారు.

మెడ, వెన్ను సమస్య ఉన్నవాళ్ళు, ఎముకలు గుల్లబారినవాళ్ళు, ఈమధ్య కంటి ఆపరేషన్ అయినవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా దిగకూడదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకి మెడ పై పూసల్లో కదలిక ఎక్కువ ఉండొచ్చు కాబట్టి పల్టీలకి ముందు పరీక్ష తప్పనిసరి.

ఎవరు ఏది ఎంచుకోవాలి

పదేళ్ళ లోపు పిల్లలైతే జిమ్నాస్టిక్స్‌తో మొదలుపెట్టండి. ఒళ్ళు గాలికీ, నేలకీ అలవాటవుతుంది. 10 నుంచి 16 మధ్య అయితే ముందు జూడో. కనీసం ఆరు నెలలు అయ్యాకే వూషూ. కాలేజీ పిల్లలకి స్టేజీ మీద చేయాలనో, సినిమా ఫైట్లలోకి వెళ్ళాలనో ఉంటుంది. వాళ్ళు జూడో, జిమ్నాస్టిక్స్ రెండూ ఒకేసారి చేయాలి, ఒకటి సరిపోదు. ఉద్యోగం చేసుకుంటూ, ఒంటి కోసం, బైకు మీంచి పడినా ఏం కాకుండా ఉండాలని అనుకునేవాళ్ళకి ఐకిడో దొరికితే ఐకిడో. లేకపోతే పోటీల గోల లేని జూడో క్లాసు. ఆడపిల్లల విషయంలో తల్లిదండ్రులు జంకుతారు. చాప మీద నేను చూసిన వాళ్ళలో అందరికంటే చక్కగా పడిన ముగ్గురూ అమ్మాయిలే. నేర్పేవాళ్ళలో ఒక మహిళ ఉంటే మంచిది, అది అడగడానికి మొహమాటపడకండి.

ఎంచుకున్నాక కూడా వరస తప్పకూడదు. కూర్చుని పడటం, గొంతుక్కూర్చుని, నిలబడి, నడుస్తూ, ఆ తర్వాత ఎవరో మెల్లగా తోస్తే. దొర్లడం కూడా మోకాలి మీంచి మొదలై, నిలబడి, తర్వాత నేల మీద పెట్టిన బెల్టు దాటి, ఆ తర్వాత మోకాలెత్తు అడ్డం దాటి. ఎగిరి పడటం మొదట క్రాష్ మ్యాట్ మీద, చెయ్యి పట్టుకునే మనిషితో. గట్టిగా పడే సాధన ఒక రోజుకి పది దాటనివ్వొద్దని నేను మేనల్లుడికి గీత గీశాను. అలసిపోయాక చేసే పదకొండోది దెబ్బ తగిలించేదే.

తలకి దెబ్బ తగిలితే

పడ్డాక తలనొప్పి, తల తిరగడం, వాంతి, వెలుతురు చూడలేకపోవడం, అడిగిందే మళ్ళీ అడగడం, మాట తడబడటం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజు సాధన అయిపోయినట్టే. బాగానే ఉందని పిల్లాడు అన్నా సరే. స్పృహ తప్పినా, వాంతులు ఆగకపోయినా, నొప్పి పెరుగుతున్నా, ఒక చెయ్యో కాలో బలం తప్పినా, మత్తుగా నిద్రలోకి జారుకుంటున్నా 108కి ఫోన్ చేయాలి. మెడ నొప్పి అంటుంటే కదిలించకూడదు, లేపి కూర్చోబెట్టకూడదు. మొదటి దెబ్బ మానకముందే రెండో దెబ్బ తగిలితే మెదడు వాచి ప్రాణం మీదకి వస్తుంది. డాక్టర్ సరేనన్నాకే మళ్ళీ చాప మీదకి, అప్పుడు కూడా గొంతుక్కూర్చుని పడటం దగ్గర నుంచే.

మేనల్లుణ్ణి జూడోలో చేర్చాం, సోమ, బుధ, శుక్రవారాలు. ఆదివారం పొద్దున జిమ్నాస్టిక్స్. వూషూ సంగతి సంక్రాంతి తర్వాత చూద్దామన్నాం. ఒప్పుకున్నాడు, కాస్త అలిగే. నిన్న మా అక్క వంటింటి తడిలో వాడి కాలు జారిందట. పళ్ళెం ఎగిరి పడింది. వాడు మాత్రం గడ్డం ఛాతీకి ఆనించి, చేతులతో నేలని చరిచి వెల్లకిలా పడుకుని ఉన్నాడట. "చప్పుడు ఒకటే వచ్చింది కదమ్మా?" అని అడిగాడట.